ముందు హవా, తర్వాత రంగు

పోయిన ఈద్ రోజు మా చిన్నది తన ఈదీ డబ్బులన్నీ తెచ్చి నా ముందు పెట్టింది. దాదీ ఇచ్చినవి, ఖాలాలు ఇచ్చినవి, బడే అబ్బా ఇచ్చినవి అన్నీ కలిపి నాలుగు వేల ఆరు వందలు. "మిగతావి మీరు వెయ్యండి అబ్బా, ఎయిర్‌బ్రష్ కొందాం" అంది. దస్తర్‌ఖాన్ మీద షీర్ ఖుర్మా గిన్నెలు ఇంకా తీయలేదు. మాట మా అమ్మీ చెవిన పడింది. అదేంటని అడిగితే రంగు చల్లే చిన్న పిచికారీ అని చెప్పాను. "ఈద్ రోజు హోలీ ముచ్చట్లేంట్రా" అని నవ్వింది. ధర ఎంతో చెప్పాక నవ్వలేదు.

ఆ తర్వాత నెల రోజులు ఇంట్లో ఇదే బహస్. ఈ లోపల ఇద్దరు ముగ్గురు దోస్తులు ఫోన్ చేసి తమ పిల్లలకూ ఇదే షౌక్ పట్టుకుందని, ఏది కొనాలని మష్వరా అడిగారు. చెప్పిందే చెప్పి అలసిపోయి ఇది రాస్తున్నాను. నా రాయ్ ముందే చెప్పేస్తా. ఎయిర్‌బ్రష్ కొనడంలో ఎయిర్‌బ్రష్ ఆఖరి మాట. ముందు మీ పిల్లలు పీల్చే హవా సంగతి చూడండి. తర్వాత గొట్టంలో వచ్చే హవా సంగతి. ఆ తర్వాతే చేతిలో పట్టుకునే పెన్ను. అమ్మే వాళ్లంతా దీన్ని ఉల్టా చెప్తారు, ఎందుకంటే పెన్ను మెరుస్తుంది, మాస్క్ మెరవదు.

ఈ షౌక్ తెలియని వాళ్లకు రెండు ముక్కలు. స్కేల్ మోడల్ అంటే బొమ్మ కాదు, నమూనా. అసలు విమానాన్ని, ఓడని, ట్యాంకుని లెక్కప్రకారం తగ్గించి ప్లాస్టిక్ ముక్కలుగా డబ్బాలో అమ్ముతారు. అతికించి, రంగు వేసుకోవాలి. మా పిల్ల చేస్తున్నది మిగ్-21. 1963లో మన వాయుసేనలోకి వచ్చి 2025 సెప్టెంబర్‌లో సెలవు తీసుకున్న విమానం. 1/72 స్కేలులో అది దాదాపు 20 సెంటీమీటర్లు, అంటే మన జానెడు. ఇక్కడే రంగు సమస్య మొదలవుతుంది. కుంచెతో వేసిన పూత 0.1 మిల్లీమీటరు మందం ఉందనుకోండి. 72తో గుణిస్తే అసలు విమానం మీద 7 మిల్లీమీటర్ల పైన పూత పూసినట్టు. రేకు అతుకుల గీతలు, రివెట్లు అన్నీ దాని కింద దఫన్. ఎయిర్‌బ్రష్ రంగుని పొగమంచులాగా చేసి వేస్తుంది కాబట్టి పూత పల్చగా పడుతుంది, ఒక రంగు ఇంకో రంగులోకి గీత లేకుండా కలుస్తుంది. దాని ఫాయిదా అదే.

అలాగని కుంచె తక్కువదేం కాదు. మాకు పక్కనే ఉన్న కొండపల్లిలో కారీగర్లు పొణికి చెక్క బొమ్మల మీద మేక వెంట్రుకల కుంచెతో కళ్లు దిద్దుతారు. ఆ కనురెప్ప గీత ఏ ఎయిర్‌బ్రష్‌కి వస్తుంది? మా పిల్ల ఏడాదిన్నర కుంచెతోనే చేసింది. నాలుగు విమానాలు, ఒక ఓడ. రంగు ఎంత పల్చన చేయాలి, ఎంతసేపు ఆరనివ్వాలి, సబర్ లేకపోతే ఏమవుతుంది, ఇవన్నీ కుంచె దగ్గరే నేర్చుకోవాలి. రెండు మూడు మోడళ్లు కుంచెతో పూర్తిచేయని పిల్లలకు ఎయిర్‌బ్రష్ కొనొద్దనే నేను చెప్తాను. షౌక్ నిలబడుతుందా లేదా అన్నది కూడా అక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు నా గలతీ చెప్తాను. ఈద్ తర్వాత వారం తిరక్కుండా, బహస్ తెగ్గొట్టాలని, ఆన్‌లైన్లో రెండున్నర వేలకి ఒకటి తెప్పించాను. వైరు లేదు, గొట్టం లేదు. పెన్ను కిందే బుడ్డి మోటారు, దాంట్లో బ్యాటరీ. చార్జింగ్ పెట్టుకుని వాడుకోవడమే. ఫోటోలో బహుత్ ఖూబ్‌సూరత్. మేకప్‌కి, కేకుల మీద రంగుకి, గోళ్లకి, మోడళ్లకి, అన్నిటికీ పనికొస్తుందని రాశారు. అన్నిటికీ పనికొస్తుందన్న చోటే నేను ఆగాల్సింది. మేం కొన్న దానికి గాలి ఒత్తిడి పెంచడానికి, తగ్గించడానికి సాధనమే లేదు. మోటారు కొట్టుకున్నప్పుడల్లా రంగు కూడా ఎక్కిళ్లు పెట్టినట్టు పడింది. ఇరవై నిమిషాలకి బ్యాటరీ దమ్ము అయిపోయింది. ఓడ పైభాగమంతా చుక్కలు. వాపసు తీసుకోమంటే, ఒకసారి రంగు పోసినది తీసుకోమన్నారు. రెండున్నర వేలు పోయాయి. దాంతో అమ్మీ వాదానికి బలం వచ్చింది.

దాన్ని పట్టుకుని మా మామూ దగ్గరికి వెళ్లాను. మామూ విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీలకు రంగులు వేశారు. బాడీ కట్టే షెడ్ల వరసలో ఆయన స్ప్రే గన్ పట్టుకుంటే క్యాబిన్ మీద ఒక్క జారుడు గీత ఉండేది కాదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ బ్యాటరీ పెన్నుని చేతిలో తిప్పి చూసి, మీట నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "ఇస్ మే దమ్ నై బేటా" అన్నారు. తర్వాత అసలు పెన్ను ఎలా ఉంటుందో నేను ఫోన్లో చూపిస్తే, "యే తో మేరీ గన్ కా బచ్చా హై" అని మురిసిపోయారు.

నిజమే. రెండింటి పనీ ఒకటే. ఒత్తిడితో గాలి సన్నటి మూతి దాటి వేగంగా వెళ్లేటప్పుడు అక్కడ ఒత్తిడి పడిపోయి రంగుని లాక్కుంటుంది, లాక్కున్న రంగుని తునాతునకలు చేసి ముందుకి విసురుతుంది. మధ్యలో ఒక సూది ఉంటుంది. సూది వెనక్కి జరిగితే దారి తెరుచుకుంటుంది, ముందుకి జరిగితే మూసుకుంటుంది. 1870ల్లో అమెరికాలో అబ్నర్ పీలర్ అనే ఆయన తొలివాటిలో ఒకటి చేశాడు. తర్వాత చాలాకాలం దీన్ని ఎక్కువగా ఫోటోలు దిద్దడానికే వాడారు. మోడళ్ల వాళ్ల చేతికి చాలా ఆలస్యంగా వచ్చింది.

మీట ఎన్ని రకాలుగా కదులుతుందన్నది మొదటి ఎంపిక. సింగిల్ యాక్షన్ అయితే నొక్కితే గాలి, రంగు రెండూ కలిసి వస్తాయి. రంగు ఎంత రావాలో ముందే మర తిప్పి పెట్టుకోవాలి. డబుల్ యాక్షన్ అయితే కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. పిల్లలకు సింగిల్ చాలు, తేలిక అంటారు కొందరు. నేను ఒప్పుకోను. మా పిల్ల రెండు వారాల్లో డబుల్ పట్టేసింది. సైకిల్ నేర్చుకునేటప్పుడు పక్క చక్రాలు పెట్టుకుంటే తర్వాత మళ్లీ కొత్తగా నేర్చుకోవాల్సిందే కదా. మామూ ఆ మొదటి రోజు నేర్పింది ఒక్కటే. "పహలే హవా, బాద్ మే రంగ్. బంద్ కర్తే వక్త్ పహలే రంగ్ బంద్, ఫిర్ హవా." రంగు ముందు వదిలితే మూతి దగ్గర బొట్టు కూర్చుంటుంది, గాలి వచ్చేసరికి ఆ బొట్టు ఎగిరి మోడల్ మీద పడుతుంది. గాలి ముందు ఆపేస్తే మూతిలో రంగు మిగిలి ఎండిపోతుంది.

ఆ మాట చెప్తూ చెప్తూ మామూ దగ్గారు. ఆగకుండా రెండు మూడు నిమిషాలు. ముమానీ లోపలి నుంచి పంప్ తెచ్చి ఇచ్చింది, రెండు పీల్పులు పీల్చి కళ్లు తుడుచుకున్నారు. నేను వెళ్లింది పెన్ను గురించి అడగడానికి. ఇంటికొచ్చేటప్పుడు తలలో ఉన్నది ఆ దగ్గు.

మామూ ముప్పై ఏళ్లూ మూతికి రుమాల్ కట్టుకునే పనిచేశారు. షెడ్డులో అందరిదీ అదే పద్ధతి. తెల్ల రుమాల్ సాయంత్రానికి లారీ రంగులోకి మారేది, అంటే రంగుని ఆపుతోందనే అనుకున్నారు. బట్ట పెద్ద పెద్ద తుంపరల్ని ఆపుతుంది, అంతే. సన్న తుంపర దాన్ని దాటుతుంది, థిన్నర్ ఆవిరి అసలు లెక్కే చేయదు. పైగా తర్వాతి రోజుల్లో వచ్చిన రెండు డబ్బాల రంగుల్లో, అంటే గట్టిపడే మందు కలిపి కొట్టేవాటిలో, ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం తెప్పించే సరుకు. మామూ ఊపిరితిత్తులు రంగు వల్లే పాడయ్యాయని డాక్టర్ చెప్పేసరికి ఆయన పని మానేసి రెండేళ్లయింది. మన బస్తీల్లో డెంటింగ్, పెయింటింగ్ పనిలో ఎన్ని ఖాందాన్లు ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎవరింట్లో అయినా ఇలాంటి దగ్గు ఒకటి వినపడుతూనే ఉంటుంది.

మోడల్‌కి వాడే రంగు లారీ రంగంత కాదు, నిజమే. ఒక సాయంత్రానికి చెంచాడు కూడా ఖర్చవదు. కానీ పిల్ల కూర్చునేది పది అడుగుల గదిలో, ముఖం మోడల్‌కి జానెడు దూరంలో. అందుకే నా హిసాబులో మొదటి ఖర్చు మాస్క్. కోవిడ్ నాటి ఎన్-95 చాలదా అని నన్ను ముగ్గురు అడిగారు. అది తుంపరని, ధూళిని ఆపుతుంది, ఆవిరిని ఆపదు. నీళ్లతో పల్చన చేసే రంగులకు పనికొస్తుంది. థిన్నర్ వాసన వచ్చే రంగులైతే ముక్కు, నోరు మూసే రబ్బరు మాస్క్ కావాలి, రెండు పక్కలా ఆవిరిని పట్టుకునే కార్ట్రిడ్జ్‌లు, వాటి మీద ధూళి ఫిల్టర్. కార్ట్రిడ్జ్ శాశ్వతం కాదు. పని అయ్యాక గాలి చొరని సంచిలో మూసిపెట్టాలి, బయట వదిలేస్తే అది గోడకి వేలాడుతూ కూడా అరిగిపోతుంది. పెట్టుకున్నాక వాసన తెలుస్తోందంటే దాని ఉమ్ర్ అయిపోయినట్టే, మార్చేయాలి.

మన ఇళ్లకు సంబంధించిన రెండు సంగతులు ఏ పెట్టె మీదా తెలుగులో రాసి ఉండవు. ఒకటి దాఢీ. రబ్బరు అంచు చర్మానికి అతుక్కుంటేనే ఆ మాస్క్ పనిచేస్తుంది. నిండు గడ్డం ఉంటే వెంట్రుకల సందుల్లోంచి ఆవిరి లోపలికి వస్తుంది, ఎంత ఖరీదైన మాస్క్ అయినా సరే. గడ్డం ఉన్న నాలాంటి వాళ్లు థిన్నర్ రంగుల జోలికి పోకుండా నీటి రంగులతో సర్దుకుని, కిటికీకి ఎగ్జాస్ట్ పెట్టుకోవడం నయం. రెండోది స్కార్ఫ్. మా పిల్ల మొదట స్కార్ఫ్ కట్టుకుని దానిపైన మాస్క్ పెట్టుకుంది. చెంపల దగ్గర బట్ట అడ్డం, అంచు అతకలేదు. మాస్క్ ముందు పెట్టుకుని, పట్టీలు బిగించి, ఆ తర్వాత పైనుంచి స్కార్ఫ్ కట్టుకోవాలి. సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి రెండు కార్ట్రిడ్జ్‌ల మీద అరచేతులు పెట్టి గాలి పీల్చాలి. మాస్క్ ముఖానికి అతుక్కుపోవాలి. ఎక్కడి నుంచైనా చల్లగా గాలి తగిలితే మళ్లీ సర్దుకోవాలి.

ఇంకో మాట. వంటగదిలో ఈ పని వద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ అక్కడే ఉంది కదా అని చాలామందికి అనిపిస్తుంది, మాకూ అనిపించింది. థిన్నర్ ఆవిరికి స్టవ్ మంటకి ఉన్న దుష్మనీ తెలిసిందే. తినే గిన్నెల మీద రంగు తుంపర అదనం.

ఇక రెండో హవా, గొట్టంలోది. కంప్రెసర్ దగ్గర పిసినారితనం చేస్తే ఎంత మంచి పెన్నైనా నా బ్యాటరీ పెన్నులాగే ఎక్కిళ్లు పెడుతుంది. మూడు చూసుకోండి. ట్యాంక్ ఉండాలి. మోటారు ఊదే గాలి దడదడ కొట్టుకుంటూ వస్తుంది, ట్యాంకులో నిలిచి వస్తే సమంగా వస్తుంది, మోటారుకి కూడా మధ్యమధ్యలో ఆరాం దొరుకుతుంది. ఏఎస్-186 అనే నమూనాని రకరకాల పేర్లతో అమ్ముతారు, 3 లీటర్ల ట్యాంకు ఉంటుంది, ఇంటికి అది కాఫీ. ఒత్తిడి తిప్పుకునే రెగ్యులేటర్, కొలిచే గడియారం ఉండాలి. మామూలు పనికి 15 నుంచి 20 పీఎస్‌ఐ, సన్నటి పనికి అంతకన్నా తక్కువ. నీళ్లు పట్టే గాజు బుడ్డి, అంటే మాయిశ్చర్ ట్రాప్ ఉండాలి. ఇది విజయవాడ వాళ్లకు, మచిలీపట్నం వాళ్లకు ఫర్జ్ లాంటిది అనుకోండి. మన గాలిలో ఉన్న తేమని నొక్కి పెడితే నీళ్లుగా దిగుతుంది. ట్రాప్ లేకపోతే ఆ నీటి చుక్క సరిగ్గా ఆఖరి పూతలో వచ్చి పడుతుంది. వారానికోసారి ట్యాంక్ కింద మర విప్పి నీళ్లు వదలాలి. జూలైలో మొదటిసారి విప్పినప్పుడు వచ్చిన నీళ్లు చూసి మా బేగం "ఇది కంప్రెసరా, కూజానా" అంది.

డబ్బుల్లేని రోజుల్లో మోడళ్ల వాళ్లు కారు స్టెప్నీ టైరులో గాలి కొట్టించుకొచ్చి దానికి గొట్టం తగిలించి పనిచేసేవారు. మామూ వినగానే లారీ ట్యూబు తెస్తానన్నారు. తేడా ఏమీ లేదు, చప్పుడు కూడా ఉండదు. కాకపోతే మూడో అంతస్తుకి లారీ ట్యూబు ఎవరు మోస్తారన్న చోట ఆ తజ్‌వీజ్ ఆగిపోయింది.

ఇప్పుడు పెన్ను. రంగు గిన్నె పైన ఉంటే గ్రావిటీ ఫీడ్, కింద సీసా వేలాడితే సైఫన్ ఫీడ్. సైఫన్‌కి రంగుని పైకి లాగాలి కాబట్టి ఒత్తిడి ఎక్కువ కావాలి, రంగూ ఎక్కువ పోయాలి. పెద్ద పెద్ద పనులకు, సీసాలు మార్చి మార్చి కొట్టేవాళ్లకు అది సుఖం. జానెడు విమానానికి పది చుక్కల రంగు చాలు, కాబట్టి గ్రావిటీయే.

మూతి ఎంత సన్నం ఉండాలన్న దగ్గర నాకు నా బడి గుర్తొచ్చింది. ఉర్దూ మీడియంలో మాకు తఖ్తీ మీద రెల్లు ఖలంతో రాయించేవాళ్లు. ఉస్తాద్ చాకుతో ఖలం మూతి కోసి ఇచ్చేవారు, దాన్ని ఖత్ అంటారు. ఖత్ వెడల్పుని బట్టే హర్ఫ్ కొలత. కొత్త పిల్లలకు వెడల్పు ఖత్ ఉన్న జలీ ఖలమే ఇచ్చేవారు. సన్న ఖలం కావాలని నేను జిద్ చేస్తే, "ముందు పెద్ద అలిఫ్ నిలబెట్టు, తర్వాత చూద్దాం" అన్నారు. ఎయిర్‌బ్రష్ మూతీ అంతే. 0.2 మిల్లీమీటర్ల మూతి సన్న గీతలకు బాగుంటుంది, కానీ రంగు కాస్త చిక్కబడినా మూసుకుపోతుంది, కొత్త చేతికి సగం రోజు కడగడమే సరిపోతుంది. 0.5 అయితే ప్రైమర్‌కి, వార్నిష్‌కి, పెద్ద పెద్ద పూతలకు. 0.3, 0.35 మధ్యలోది. దాంతో ఒత్తిడి తగ్గించి, రంగు పల్చన చేసి, దగ్గరగా పట్టుకుంటే సన్న గీతా వస్తుంది. మొదటి పెన్ను అదే కొనండి. 0.2 కావాలని పిల్లలు జిద్ చేస్తే మా ఉస్తాద్ మాట చెప్పండి.

కంపెనీల సంగతి. జపాన్ వాళ్ల ఇవాటా, క్రియోస్, జర్మనీ వాళ్ల హార్డర్ అండ్ స్టీన్‌బెక్, అమెరికా వాళ్ల బ్యాడ్జర్, పాషే, ఇవన్నీ నామ్‌దార్లే. వీటి సూది, మూతి, వాషర్లు విడిగా దొరుకుతాయి, పదేళ్ల తర్వాత కూడా. మరోపక్క అదే రూపంలో చైనా నకళ్లు పదో వంతు ధరకి వస్తాయి. నకలు హరామ్ అన్నట్టు మాట్లాడే షౌకీన్లు ఉన్నారు. నేను అంత కఠినంగా లేను. కొన్ని బాగానే పనిచేస్తాయి. చిక్కు ఎక్కడంటే, రెండు పెన్నులు ఒకే పెట్టెలో వచ్చినా ఒకదాని సూది ఇంకోదానికి కూర్చుంటుందన్న భరోసా లేదు. లోపల మామూలు రబ్బరు వాషర్లు ఉంటే గట్టి థిన్నర్‌కి ఉబ్బిపోతాయి. టెఫ్లాన్ వాషర్లు ఉన్నాయో లేదో అడగండి. ఇంకా ఒకటి, మూతి ఎలా బిగుస్తుందో చూడండి. చాలా పెన్నుల్లో మూతి బియ్యపు గింజంత, దానికి సన్నటి మరలు, బుల్లి పానాతో బిగించాలి. పిల్లలు కాస్త గట్టిగా తిప్పితే మెడ విరిగిపోతుంది, విరిగిన ముక్క లోపలే ఉండిపోతుంది. హార్డర్ వాళ్ల పెన్నుల్లో మూతికి మరలుండవు, ఊరికే కూర్చోబెట్టి పైన టోపీ బిగిస్తే చాలు. ఇంట్లో చిన్న చేతులుంటే నేను దానికే ఓటేస్తా. మేం కొన్నది అది కాదు, బజట్ కుదరలేదు. మధ్యరకం పెన్ను, 0.3, గ్రావిటీ, డబుల్. దాంతోపాటే రెండు సూదులు, రెండు మూతులు అదనంగా తెప్పించాను. మూడో వారంలో సూది కొస నేలకి తగిలి వంగింది, రంగు ఖిబ్లా మార్చుకున్నట్టు పక్కకి పోయింది. అదనపు సూది ఆ రోజే పనికొచ్చింది.

గొట్టం తగిలించే చోట మరలు కూడా చూసుకోండి. ఎక్కువ పెన్నులకు 1/8 బీఎస్‌పీ అనే కొలత. బ్యాడ్జర్, పాషే వాళ్లవి వేరే. అడాప్టర్ దొరుకుతుంది గానీ, పెట్టె తెరిచాక అది లేదని తెలిస్తే పిల్లల ముఖాలు చూడలేం.

రంగుల గురించి ఎక్కువ చెప్పను, అది ఇంకో మజ్మూన్. ఒక్క హెచ్చరిక చాలు. తామియా సీసా మీదా యాక్రిలిక్ అని ఉంటుంది, వలేహో సీసా మీదా యాక్రిలిక్ అని ఉంటుంది. రెండూ ఒకటి కాదు. తామియాలో ఆల్కహాల్ ఉంటుంది, దాని థిన్నర్ వలేహోలో పోస్తే గిన్నెలోనే గడ్డకడుతుంది. మా పెన్నులో ఒక ఆదివారం ఫిర్నీ తయారైంది. ఏ కంపెనీ రంగుకి ఆ కంపెనీ థిన్నరే. పలచదనం ఎంత అంటే, గిన్నె గోడకి రాస్తే పాలగ్లాసులో పాలు జారినట్టు జారాలి. పని అయ్యాక వెంటనే కడగాలి, అన్నం తిన్నాక చెయ్యి కడిగినట్టు, రేపు చూద్దాం అనే మాటే లేదు. నాకు తెలిసిన ఇళ్లలో మూలన పడ్డ ఎయిర్‌బ్రష్‌లు చెడిపోయి పడలేదు, కడగక పడ్డాయి.

అన్నీ కలిపి పదహారు వేల చిల్లర అయింది. అందులో పెన్ను, సూదులు, మూతులు అన్నీ కలిసి మూడో వంతు కన్నా తక్కువ. సగానికి పైగా కంప్రెసర్ తిన్నది, మిగతాది మాస్క్, ఎగ్జాస్ట్ ఫ్యాన్. ఇది ఇస్రాఫ్ కాదా అని అమ్మీ అడిగింది. ఆమె అడగడం తప్పు కాదు. అబ్బా ఒక్క జీతంతో నలుగురిని చదివించిన ఇల్లు అది, పైసా పైసాకి హిసాబ్ రాసిన మనిషి ఆమె. నేను పత్రికలో పనిచేసేవాణ్ని, పదహారు వేలు నాకు చిన్న రఖం కాదు. కానీ పోయినేడు మా బంధువుల వలీమాలో మూడు దేగ్‌లు మిగిలిపోతే ఎవరూ ఇస్రాఫ్ అన్న మాట ఎత్తలేదు. మన ఇళ్లలో ఫోన్లు రెండేళ్లకోసారి మారుతున్నాయి, వాటి మీదా ఫత్వాలు లేవు. పిల్ల చేతికి హునర్ వచ్చే ఖర్చు దగ్గరే మనకి ఫుజూల్ ఖర్చీ గుర్తొస్తోంది. ఆడపిల్ల అయితే ఇంకా తొందరగా గుర్తొస్తుంది. "మెహందీ కోన్ పట్టుకుంటే నాలుగు డబ్బులొస్తాయి, ఇదెందుకు" అని ఒక బంధువు మా ఇంట్లోనే కూర్చుని అన్నారు. మెహందీ గొప్ప హునరే. ఆ మాటలో హునర్ మీద ఇజ్జత్ లేదు, డబ్బులొచ్చే దాన్నే పనిగా లెక్కపెట్టే అలవాటు ఉంది.

సిపాయి బొమ్మలు, మనుషుల ముఖాలు చేయొచ్చా అని కూడా కొందరు అడిగారు. నేను ముఫ్తీని కాను, అది మీ మౌలానాని అడగండి. మా ఇంట్లో విమానాలు, ఓడల దగ్గరే ఉన్నాం.

పోయిన ఆదివారం మామూ వచ్చారు. గదిలోకి రానివ్వలేదు, ఆయనా రానని అన్నారు. వరండాలో కుర్చీ వేసుకుని కిటికీ అద్దంలోంచి చూస్తూ కూర్చున్నారు. వలీమాలో మిగిలిన ప్లాస్టిక్ చెంచాలు ఓ కట్ట మా దగ్గర ఉన్నాయి, మా పిల్ల మోడల్ మీద కొట్టేముందు వాటి మీదే పరీక్ష చేస్తుంది. చెంచా వీపు విమానం ముక్కులాగే గుండ్రంగా ఉంటుంది కదా. మాస్క్ పెట్టుకుంది, అరచేతులు పెట్టి పీల్చి చూసుకుంది, స్కార్ఫ్ కట్టుకుంది, ఫ్యాన్ వేసింది. అయిదు చెంచాలకు ప్రైమర్ కొట్టి, ఆరాక పట్టుకొచ్చి మామూ చేతిలో పెట్టింది.

ఆయన ఒక్కొక్కటే వెలుగుకి అడ్డం పెట్టి చూశారు. మూడోదాని దగ్గర ఆగారు.

"యహాఁ రుక్ గయీ థీ నా? చెయ్యి ఆగింది ఇక్కడ. చెయ్యి ఆగితే రంగు జారుతుంది బిటియా."

ఆమె ఆ చెంచా తీసుకుని మళ్లీ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.